‘రు’ కోసం ఎదురుచూసిన నెల్లూరు

పోయిన నెల మా నెల్లూరులో ఒక కవిత విన్నాను. అందులో ఉన్నది ఒకటే మాట. అదీ పూర్తి కాలేదు.

ఆహ్వానం శుభలేఖంత మందంగా వచ్చింది. పైన ‘ప్రవాస అస్తిత్వ ధ్వని’, మధ్యలో ‘సౌండ్ పొయెట్రీ, పర్ఫార్మెన్స్’, కింద ‘అనంతరం అల్పాహారం’. సాహిత్య సభలకు తిరిగి తిరిగి అరిగిపోయినవాణ్ణి కాబట్టి నేను కింది నుంచి పైకి చదివాను. కవి మన ఊరి పిల్లాడేనట. డాలస్‌లో ఐదు పడగ్గదుల ఇంట్లో తీరని వేదనతో బతుకుతున్నాడని పరిచయం చేసినాయన చెప్పారు. ఆ వేదన మాటలకు లొంగదట. అందుకని శబ్దం.

ట్రంకు రోడ్డులో ఒక కల్యాణ మండపం. మూఢం రోజులు కదా, హాలు చవగ్గా దొరికినట్టుంది. వేదిక మీద వధూవరుల సోఫా ఇంకా తియ్యలేదు. కవి నల్లబట్టలతో, చెప్పుల్లేని కాళ్లతో వచ్చి మైకు ముందు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. కాలి దగ్గర ఒక పెట్టె. బొటనవేలితో నొక్కితే అప్పుడే అన్న శబ్దాన్ని అది తిప్పి తిప్పి వినిపిస్తుంది. లూప్ అంటారట. మా ఇంట్లో అయితే సాధింపు అంటారు.

కవిత పేరు ‘నెల్లూరు’. లోపల సరుకు కూడా అదే.

‘నె’తో మొదలుపెట్టాడు. నె, నె, నెనెనె... తప్పిపోయిన మేకపిల్ల తల్లిని వెతుక్కుంటున్నట్టు. బాగుందనే అనుకున్నాం. నాలుగైదు నిమిషాలకు ‘ల్లూ’ వచ్చింది. ముందు వరసలో ఇద్దరు రిటైరైన తెలుగు లెక్చరర్లు తలలూపడం మొదలుపెట్టారు. మళ్లీ ఆపడానికి వాళ్లకు సందు దొరకలేదు, ‘ల్లూ’ ఆగలేదు మరి. అది పెన్న వంతెన దాటింది, కోవూరు దాటింది, కావలి దాకా పోయుంటుంది. కాఫీ ఒక విడత వచ్చి పోయింది. నా వెనకున్న పెద్దాయన మనవణ్ణి గోకి, ‘ఏందబ్బయా, రు ఎప్పుడొస్తదీ?’ అన్నాడు.

‘వస్తది తాతా, ఉండు.’

‘ఆత్మకూరు బస్సు పోతాదిరా.’

అంతే, హాలు హాలంతా టెన్షన్. అంతవరకు సెల్ చూసుకుంటున్నవాళ్లు కూడా ‘రు’ కోసం కాచుకుని కూర్చున్నారు. కవి రెండు చేతులూ పైకెత్తాడు. మెడ నరాలు లేచాయి. వస్తోంది, వచ్చేస్తోంది అనుకుంటుండగా కరెంటు పోయింది.

చీకటి. పెట్టె ఆగింది, కవీ ఆగాడు. ‘మౌనం! అద్భుతం!’ అన్నారు లెక్చరర్లలో ఒకరు. ఆ మాట అంటుండగానే మండపం వెనక జనరేటర్ అందుకుంది. దడ్ దడ్ దడ్ దడ్, డీజిల్ వాసనతో సహా. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, దాచుకోవడమెందుకు. మొదటి ఐటం కంటే ఇందులో బరువుంది అనిపించింది. వంటాయన గరిటెతో బయటికొచ్చి ‘ఫేజు పోయిందయ్యా’ అని అరిచేదాకా అది రెండో కవితే అనుకున్నాం. లైట్లు వెలిగాక కవి వివరించాడు. అసంపూర్ణతే ప్రవాసమట. అందుకని ‘రు’ని ఇక చెప్పడట. పెద్దాయన అప్పటికే బస్సుకు వెళ్లిపోయాడు. ఆయన లెక్కలో మా ఊరు ఇప్పటికీ ‘నెల్లూ’నే.

ప్రశ్నలడగొచ్చన్నారు. అర్థమేమిటని అడిగాను. ‘మీరు అర్థం వెతుకుతున్నారు, అదే మీ సమస్య’ అన్నాడు కవి. నా సమస్య ఏమిటో మా ఇంట్లోవాళ్లు చాలా రకాలుగా చెప్పారు గానీ ఇది కొత్త. ఈ ఊళ్లోనే మనుమసిద్ధి కొలువులో ఉండి తిక్కన భారతం పదిహేను పర్వాలు రాశాడు. ఒక్కదాంట్లోనూ అక్షరం బాకీ పెట్టలేదు.

ఇంటికొచ్చి నిద్ర పట్టక ఈ శబ్ద కవిత్వం సంగతేమిటో చదివాను. చదివాక ఎగతాళి చేసే నోరు కాస్త తగ్గింది. హ్యూగో బాల్ అని ఒక జర్మన్ ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం భరించలేక స్విట్జర్లాండ్ పోయి, 1916లో జూరిచ్‌లో ఆటపాటల కాబరే ఒకటి చిన్నది పెట్టాడు. ఒంటికి అట్టముక్కల గొట్టాలు చుట్టుకున్నాడు. వాటితో నడవలేకపోతే మోసుకొచ్చి వేదిక మీద నిలబెట్టారు. ఏ భాషలోనూ లేని మాటలతో కవిత చదివాడు. పత్రికలు భాషను పాడుచేసి కుళ్లబెట్టాయి, ఆ మాటలు నాకొద్దు అని ఆయన బాధ. అట్టలు చుట్టుకున్నా సరే, ఆ మనిషికి కారణం ఉంది.

ఇంకొకాయన లింటన్ క్వేసీ జాన్సన్. 1952లో జమైకాలో పుట్టాడు. తల్లి ముందే లండన్ వెళ్లిపోతే అవ్వ దగ్గర ఉండిపోయాడు. 1963లో, పదకొండేళ్లకు, తల్లిని చేరుకున్నాడు. నల్ల కుర్రాడు రోడ్డు మీద కనబడితే అనుమానం మీద పోలీసులు పట్టుకుపోయే రోజులవి. జమైకా వాళ్ల యాస ఇంగ్లీషే కాదని బళ్లో కొట్టిపారేసే రోజులు కూడా. ఆయన ఆ యాసలోనే రాశాడు. రెగే అనే జమైకా సంగీతం తాళానికి చదివాడు. డబ్ కవిత్వం అంటారు దాన్ని. వింటే ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఒంటికి తెలుస్తుంది.

ఆ మాటకొస్తే శబ్దానికి మనకేం కరువు? కందుకూరు, పొదిలి వైపు తిరునాళ్లకు హరిశ్చంద్ర నాటకం పెడతారు. కాటి సీనులో పద్యం నాలుగు పాదాలూ నిమిషంలో అయిపోతాయి. చివరి అక్షరం పట్టుకుని నటుడు రాగం ఎత్తుకుంటే హార్మోనియం ఆయన ఆయాసపడుతూ వెంటపడతాడు. మాట లేదు, ‘ఆ’ ఒక్కటే. ఆ ఒక్క ‘ఆ’కే వన్స్‌మోర్. అయితే దాని వెనక నాలుగు పాదాలున్నాయి, బిడ్డ శవాన్ని ఒళ్లో పెట్టుకున్న తల్లి ఉంది. ఇప్పుడు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పదికి మైకు కట్టెయ్యాలి. పదింటికి మా హరిశ్చంద్రుడు ఇంకా రాజ్యం కూడా పోగొట్టుకుని ఉండడు.

ఆ కవి మీద నాకు కోపం లేదు. అతను మంచివాడే, ఉప్మా బాగుందన్నాడు. నా కోపమంతా ఆ శుభలేఖ మీద అచ్చేసిన ‘ప్రవాస’ అనే మాట మీద. ఎవరయ్యా ప్రవాసి? కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయి, పొలం ఎండిపోయి, బెంగళూరులో ఎవరిదో అపార్ట్‌మెంటు కడుతూ రేకుల షెడ్డులో పడుకునేవాడు ప్రవాసి కాదు, వలస కూలీ. సరే, వాడు రైలెక్కాడు, అందుకని కాదనుకుందాం. కువైట్‌లో షేకు ఇంట్లో అంట్లు తోమే మా ఆడపిల్లకు ఆ పేరు కూడా లేదు. ‘కువైట్‌కి పోయింది’, అంతే. ఆ అనడంలోనే పెదవి ఒక పక్కకి వంకర పోతుంది. విమానంలోనే పోయింది కదరా ఆమె కూడా! సముద్రం దాటే కదా! ఆమె వేదనకు సోఫా ఎవరేస్తారు? శుభలేఖ ఎవరు కొడతారు? సిగ్గులేకపోతే సరి.

మా వీధి చివరింట్లో ఎనిమిదేళ్ల పిల్లాడున్నాడు. నాయనమ్మ దగ్గర ఉంటాడు. వాళ్లమ్మ కువైట్‌కి పోయి మూడేళ్లు. రాత్రి మేడమ్ నిద్రపోయాక ఆమె వాట్సాప్‌లో వాయిస్ పెడుతుంది. వాడు పొద్దున్నే గడప మీద కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని వింటాడు. బడి బ్యాగు పక్కనే ఉంటుంది. మొన్న నాకూ వినిపించాడు. ‘నాన్నా, అన్నం తిన్నావా, జొరం తగ్గిందా, నాయనమ్మను సతాయించబాక...’ గొంతు బాగా కిందికి ఉంది, వెనకాల ఏదో హోరు. సగం మాటలో ఆగిపోయింది. వాడు మళ్లీ నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

ఆ హోరేమిటమ్మా, సముద్రం పక్కనా ఇల్లు, అని ముసలామెను అడిగాను.

‘కాదయ్యా, కొళాయి. బాత్రూములో కొళాయి తిప్పి మాట్లాడతది, బయటికి ఇనబడకుండా’ అంది ఆమె, బియ్యంలో రాళ్లేరుతూ.