చప్పగా ఉందా? ఉప్పు వేసుకోవాల్సింది మీరే మరి!

నిన్న రాత్రి ఒక గిన్నె ఫొటో పెట్టానో లేదో, మనవాళ్లు మొదలెట్టారు. "ఏంట్రా అది, గంజా?" అని ఒకడు. "జ్వరమొచ్చినోళ్ల పథ్యంలా ఉంది" అని ఇంకొకడు. "కాస్త కారమైనా చల్లుకోకపోయావా" అని మా వదిన కూడా!

అది ద్వేజి గుక్‌బాప్. ద్వేజి అంటే పంది, గుక్ అంటే చారు, బాప్ అంటే అన్నం. దక్షిణ కొరియాలో నేనుండే బూసాన్‌లో వీధికొక కొట్టు ఉంటుంది. పంది ఎముకల్ని గంటల తరబడి మరగబెడితే పాలలా తెల్లబడే చారు, పల్చగా కోసిన మాంసం, అన్నం. 1950లో కొరియా యుద్ధం వచ్చినప్పుడు దేశం నలుమూలల నుంచీ జనం ఈ ఊరికి పారిపోయి వచ్చారు. గొడ్డు మాంసం కొనే స్తోమత లేక పంది ఎముకలతో కాచుకున్నారని ఇక్కడ చెప్పుకుంటారు. పక్కనున్న మిర్యాంగ్ వాళ్లు మాత్రం ఒప్పుకోరు, మాది ఇంకా పాతది అంటారు. ఆ గొడవ మనకెందుకు, వదిలేయండి.

చప్పగా ఉంటుందన్న మాట నిజమే. చాలా కొట్లలో ఉప్పు దాదాపు లేకుండానే తెచ్చి పెడతారు. పక్కన చిన్న గిన్నెలో ఉప్పులో ఊరిన బుల్లి రొయ్యలు ఉంటాయి. మన రొయ్యపొట్టు ఎండుది, ఇది తడిది, అంతే తేడా. వెల్లుల్లి వాసనొచ్చే సన్నటి ఆకు ఒకటి, కారం కలిపి ఇస్తారు. ఎర్రటి కారం ముద్ద, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ముల్లంగి కిమ్చి, అంటే పులియబెట్టిన ఊరగాయ. వంట సగం వాళ్లు చేస్తే మిగతా సగం మన చేతిలో ఉంటుంది.

మొదటిసారి ఆ సగం నేనే తగలేశాను. రొయ్యలు ఎడాపెడా రెండు చెంచాలు దిమ్మరించాను. నోట్లో పెట్టలేకపోయాను. దాన్ని కప్పెట్టడానికి కారం ముద్ద మొత్తం కలిపా. వడ్డించే ఆవిడ చూసింది. ఇక్కడ వాళ్లను 'ఇమో' అని పిలుస్తారు, అంటే అమ్మ తోబుట్టువు, మన పిన్ని అన్నమాట. పిన్ని ఏమీ అనకుండా గిన్నె పట్టుకెళ్లి, సగం చారు వంచేసి, తెల్లటిది పోసి తెచ్చిపెట్టింది. వేలితో రొయ్యల గిన్నె చూపించి, చిటికెడంత అన్నట్టు సైగ చేసింది.

పాతకాలపు పద్ధతి ఇంకా వదలని కొట్లో ఒక్కసారి పొయ్యి దగ్గర నిలబడి చూడండి. గిన్నెలో చల్లారిన అన్నం మీద మరిగే చారు పోస్తారు, గరిటె అడ్డం పెట్టి తిరిగి గంగాళంలోకి వంచుతారు. మళ్లీ పోస్తారు, మళ్లీ వంచుతారు. దీన్నే తోర్యొమ్ అంటారు. మెతుకు లోపలిదాకా వేడెక్కుతుంది కానీ ముద్దవదు. చారు కూడా నోరు కాలకుండా తాగే వేడికి దిగుతుంది. మిరియాల చారు పోసి అన్నం పిసికి పెట్టే చేతికీ ఈ గరిటెకీ పెద్ద తేడా నాకు కనిపించలేదు.

ఇంకొక సంగతి, ఒంటరిగా ఉండేవాళ్లకే తెలుస్తుంది. ఇక్కడ మాంసం కాల్చుకు తినే హోటళ్లలో చాలాచోట్ల ఇద్దరికి సరిపడా చెప్పాల్సిందే. ఒక్కడివే వెళితే మొహం అదోలా పెడతారు. గుక్‌బాప్ కొట్లో ఆ టెన్షన్ లేదు. ల్యాబ్‌లో మూడు వారాల పని పాడైపోయిన రోజు, జనవరి చలిలో, రాత్రి పదకొండింటికి వెళ్లాను. అన్ని బల్లల దగ్గరా ఒక్కొక్కళ్లే. ఎవరి గిన్నెలోకి వాళ్లు తలొంచుకుని తింటున్నారు. ఎవరూ నన్ను ఏ ఊరని అడగలేదు. ఆ రోజు నాక్కావలసింది కూడా అదే.

"గంజా?" అన్నవాడు వచ్చే నెల బూసాన్ వస్తున్నాడు. సూట్‌కేసులో గుంటూరు కారం తెస్తాడట. తెచ్చుకోనీండి. మొదటి నాలుగు చెంచాలు తినేదాకా ఆ పొట్లం నా జేబులోనే ఉంటుంది.