జడ పొడవైతే రుజువు చూపాలా?

పొడవాటి జుట్టుతో నల్లజాతి మహిళ కనిపిస్తే అది ఆమెది కాదని చూసేవాళ్లు ముందే తేల్చేసుకుంటారు. విగ్గో, వీవో (సొంత జుట్టుకు కుట్టి కలిపే జుట్టు), ఏదో అతికించుకుని ఉంటుందనుకుంటారు. కొందరు మనసులో అనుకుని ఊరుకుంటారు. చాలామంది ఊరుకోరు. ఆఫీసులో, కాలేజీలో, విందుల్లో మొహం మీదే అడిగేస్తారు, ‘ఇది నీ సొంత జుట్టేనా?’ అని. అవునంటే నమ్మరు. అడగకుండానే తలలో వేళ్లు పెట్టి కుదుళ్లు తడిమి చూసేవాళ్లూ ఉన్నారు. ఈ అలవాటు తప్పు. అమెరికాలోని తెల్లవాళ్లే కాదు, అక్కడ లక్షల సంఖ్యలో స్థిరపడిన తెలుగువాళ్లు కూడా దీన్ని మానుకోవాలని మేం గట్టిగా చెప్పదలచుకున్నాం.

ప్రపంచమంతా తెలిసిన గాయని బియాన్సేకే ఈ బాధ తప్పలేదు. 2024 ఫిబ్రవరిలో ఆమె సెక్రెడ్ అనే పేరుతో జుట్టు సంరక్షణ ఉత్పత్తుల కంపెనీ మొదలుపెట్టారు. ఎప్పుడూ విగ్గుల్లో కనిపించే మనిషికి జుట్టు గురించి ఏం తెలుసన్న మాటలు వెంటనే మొదలయ్యాయి. ఏప్రిల్‌లో ఆమె తన సొంత జుట్టును కడిగి, ఆరబెట్టి, తిన్నగా దువ్వే వీడియో పెట్టారు. విగ్గు పెట్టుకునేవాళ్లకు పొడవైన, ఆరోగ్యమైన జుట్టు ఉండదనుకోవడం అపోహ అనీ, అయినా అది ఎవరికీ సంబంధం లేని విషయమనీ అందులో అన్నారు. అంత పేరూ డబ్బూ ఉన్న మనిషే తల తడిపి చూపించాల్సి వచ్చిందంటే, కాల్ సెంటర్‌లోనో ఆసుపత్రిలోనో పనిచేసే మామూలు అమ్మాయి రోజూ ఎన్ని చూపులు భరిస్తుందో ఊహించుకోవచ్చు.

అసలు ఆ జుట్టు పెరగదన్న నమ్మకమే తప్పు. మనిషి వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది. ఆఫ్రికా మూలాలున్నవారిలో ఈ వేగం కొంత తక్కువని కొలతల్లో తేలింది గానీ పెరగడం ఆగదు. తేడా అంతా వెంట్రుక ఆకారంలో ఉంది. ఆ వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక కోలగా, చదునుగా ఉంటుంది. చర్మం లోపల కుదురు కూడా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి వెంట్రుక బయటికి వచ్చేటప్పుడే చుట్టలు తిరుగుతుంది. మాడులో ఊరే నూనె ఆ చుట్టల వెంట చివరిదాకా జారదు. దాంతో వెంట్రుక పొడిబారి, మలుపు తిరిగిన చోటల్లా తెగుతుంది. అంటే ఆ మహిళల అసలు కష్టం జుట్టు పెంచడంలో కాదు, పెరిగిన దాన్ని తెగకుండా నిలుపుకోవడంలో ఉంది. దాన్నే వాళ్లు లెంగ్త్ రిటెన్షన్ అంటారు. చివర్లకు రాపిడి తగలకుండా పాయలుగా అల్లి దాచుకుంటారు. రాత్రి శాటిన్ బోనెట్, అంటే నున్నటి గుడ్డ టోపీ, కట్టుకుని పడుకుంటారు. జుట్టు తడిగా ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో ఓపిగ్గా చిక్కు తీసుకుంటారు. తలస్నానానికి ఒక పూటంతా పడుతుంది, కొందరికి రోజంతా పడుతుంది. అందుకే ఆ రోజుకు వాష్ డే అని పేరే పెట్టుకున్నారు. ఇంత చాకిరీ చేసి వీపు దాకా జుట్టు నిలుపుకున్న మనిషిని పట్టుకుని ‘ఎక్కడ కొన్నావు?’ అని అడిగితే ఆమెకు ఎంత మంటగా ఉంటుంది?

చూపును మోసం చేసేది ఇంకొకటి ఉంది. బిగుతు చుట్టల జుట్టు ఆరాక తన అసలు పొడవులో సగానికి, కొందరిలో అంతకంటే తక్కువకు ముడుచుకుపోతుంది. మెడ దగ్గరే ఆగినట్టు కనిపించే జుట్టును లాగి చూస్తే వీపు మధ్యకు రావచ్చు. ఒక వారం ఆఫ్రోతో, అంటే చుట్టల జుట్టును తల చుట్టూ గుండ్రంగా వదిలేసి, ఆఫీసుకు వచ్చిన అమ్మాయి, ఆదివారం సెలూన్‌లో సిల్క్ ప్రెస్ చేయించుకుని, అంటే మందులేవీ లేకుండా వేడితో తిన్నగా చేయించుకుని, సోమవారం వీపు మీద జారే జుట్టుతో వస్తుంది. పక్క సీటువాళ్లు మాత్రం అతికించుకుందనే అనుకుంటారు. జుట్టు సొంతమేనని ఒప్పుకున్నవాళ్లలోనూ కొందరు అక్కడితో ఆగరు. ‘మీ వంశంలో నేటివ్ అమెరికన్లో, ఇంకెవరైనా కలిశారా?’ అని ఆరా తీస్తారు. పొడవు ఉందంటే అది ఇంకో జాతి రక్తం వల్లే వచ్చి ఉండాలన్నది ఆ ఆరాలోని అర్థం. మాకు ఇది మొదటి ప్రశ్న కంటే ఎక్కువ అవమానంగా తోస్తుంది.

‘చాలామంది వీవ్‌లు వాడుతున్నారు కదా, అందుకే అనుకుంటున్నాం’ అనేవాళ్లు ఉన్నారు. వాడుతున్నమాట నిజమే. కానీ వీవ్ ఎలా వేస్తారో తెలిస్తే ఆ వాదన నిలవదు. ముందు సొంత జుట్టును నెత్తికి అంటుకునేలా సన్నని వరుసలుగా అల్లుతారు. ఆ అల్లికలకు సూదీదారంతో కొత్త జుట్టు వరుసల్ని కుడతారు. కింద సొంత జుట్టు ఉంటేనే పైన కుట్టడం కుదురుతుంది. ఎండకూ దుమ్ముకూ రోజూ దువ్వడానికీ దొరక్కుండా కొన్ని వారాలు కింది జుట్టుకు విశ్రాంతి ఇవ్వడానికే చాలామంది దీన్ని ఎంచుకుంటారు. ఓహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌కు చెందిన క్రిస్టినా జెంకిన్స్ అనే నల్లజాతి మహిళ 1950ల తొలినాళ్లలో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. మరి వీవ్ ఉంటే కింద ఏమీ లేదని ఎలా అంటారు? ఒకవేళ జబ్బు వల్లో, వయసు వల్లో నిజంగానే ఏమీ లేదనుకుందాం. అప్పుడు ఆ ప్రశ్న ఆమెను ఇంకా ఎక్కువ గాయపరుస్తుంది.

పైగా ఇంతమంది తిన్నటి పొడవు జుట్టు వైపు ఎందుకు వెళ్లారో ఆ దేశ చరిత్రే చెబుతుంది. లూసియానా స్పెయిన్ పాలనలో ఉన్న రోజుల్లో, 1786లో, బానిసత్వంలో లేని నల్లజాతి స్త్రీలు సైతం జుట్టు కనబడకుండా తలగుడ్డ కట్టుకోవాలని గవర్నర్ ఎస్తెబాన్ మీరో ఆజ్ఞ జారీ చేశాడు. తల అలంకరణలో వాళ్లు తెల్లవాళ్లతో సమానంగా కనబడటం అప్పటి పాలకులకు నచ్చలేదు. ఆ స్త్రీలు రంగురంగుల ఖరీదైన గుడ్డలతో తలపాగాలు చుట్టి, ఆ ఆజ్ఞనే అలంకారంగా మార్చుకున్నారు. తర్వాతి కాలంలో ఆంక్షలు తలగుడ్డ నుంచి ఉద్యోగ నిబంధనల్లోకి చేరాయి. అల్లిన జడలతో పనికి రావద్దన్నందుకు రెనీ రోజర్స్ అనే విమాన సంస్థ ఉద్యోగిని కోర్టుకెళితే 1981లో ఓడిపోయారు. ఆఫ్రో అయితే సహజంగా పెరిగేది కాబట్టి రక్షణ ఉండొచ్చేమో గానీ, అల్లిక మనిషి చేసుకునేది, మార్చుకోగలిగేది, కాబట్టి దానికి రక్షణ లేదన్నట్టు ఆ తీర్పు సాగింది. సహజమా, కృత్రిమమా అన్న వీధి ప్రశ్న అలా న్యాయస్థానం ప్రశ్న అయింది.

అలబామాలోని మొబైల్ నగరంలో 2010లో జరిగింది ఇంకా బాధాకరం. ఛాస్టిటీ జోన్స్‌కు ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామంది. ఆమెవి లాక్స్, అంటే పాయలు పాయలుగా ముడిపడిపోయిన జుట్టు, అని చూశాక, అవి చిందరవందర అవుతుంటాయని, అయితే నీవి అలా ఉన్నాయని అనడం లేదని హెచ్‌ఆర్ మేనేజర్ చెప్పారు. కళ్ల ముందున్న జుట్టు శుభ్రంగా ఉందని ఒప్పుకుంటూనే, ఆ జాతి జుట్టు మీద ఉన్న ముందస్తు అభిప్రాయంతో ఉద్యోగం వెనక్కి తీసుకున్నారు. 2016లో అప్పీళ్ల కోర్టు కంపెనీ పక్షానే నిలిచింది. సైన్యమూ భిన్నంగా లేదు. 2014లో తెచ్చిన నిబంధనల్లో ట్విస్టుల్ని, అంటే రెండు పాయలు మెలిపెట్టిన జడల్ని, నిషేధించి, నిరసనలు వచ్చాక అదే ఏడాది సడలించింది. లాక్స్‌ను 2017లో గానీ అనుమతించలేదు. అధ్యక్షుడి భార్యగా వైట్‌హౌస్‌లో ఉన్న ఎనిమిదేళ్లూ జడలు వేసుకోవాలని అనిపించినా, నల్లజాతి కుటుంబానికి దేశం అప్పుడప్పుడే అలవాటు పడుతోందని జుట్టును తిన్నగానే ఉంచుకున్నానని మిషెల్ ఒబామా 2022లో చెప్పారు.

జుట్టును మందులతో తిన్నగా చేయించుకోవడానికి చెల్లించిన మూల్యం డబ్బు ఒక్కటే కాదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 33,497 మంది మహిళల్ని దాదాపు 11 ఏళ్లపాటు గమనించి 2022 అక్టోబరులో ఫలితాలు ప్రకటించారు. ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువగా హెయిర్ స్ట్రెయిటెనర్ మందులు వాడినవారిలో గర్భాశయ క్యాన్సర్ ముప్పు, వాడనివారి కంటే రెట్టింపును మించి కనిపించింది. మందే కారణమని ఆ అధ్యయనం తేల్చి చెప్పలేదు. అయినా ఆ మందులు వాడినవారిలో దాదాపు 60 శాతం నల్లజాతి మహిళలే అన్న సంగతిని పక్కన పెట్టలేం. తన జుట్టు తనకు పుట్టుకతో ఎలా వచ్చిందో అలాగే ఉద్యోగానికి వెళ్లగలిగితే, వీళ్లలో ఎంతమందికి ఆ మందు అవసరమయ్యేది?

విమానాశ్రయాల్లో సెక్యూరిటీ సిబ్బంది కూడా చాలాకాలం ఆ తలల్నే తడిమారు. స్కానర్ దాటాక కూడా ఆఫ్రోలు, జడలు, లాక్స్ ఉన్న మహిళల్ని ఆపి జుట్టులో వేళ్లు పెట్టి వెతికేవారు. ఫిర్యాదులు పెరిగాక, 2015లో పౌరహక్కుల సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారం సిబ్బందికి శిక్షణ ఇస్తామని రవాణా భద్రతా సంస్థ అంగీకరించింది.

ఈ కథలో మన పాత్ర కూడా ఉంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాల్ని టీటీడీ పొడవు ప్రకారం వేరుచేసి వేలం వేస్తుంది. ఇటీవలి బడ్జెట్లలో ఈ ఆదాయాన్ని వంద కోట్ల రూపాయలకు పైనే చూపుతున్నారు. ఊళ్లలో స్టీలు సామాన్లు ఇచ్చి చిక్కు వెంట్రుకలు కొనుక్కెళ్లే వ్యాపారం దీనికి అదనం. శుద్ధి చేసి, వరుసలుగా కుట్టి ఎగుమతి చేశాక ఆ జుట్టులో కొంత అట్లాంటా, లండన్, లాగోస్ దుకాణాలకు చేరుతుంది. మన అమ్మమ్మల వయసువాళ్లు మొక్కు తీర్చుకుని ఇచ్చిన జుట్టు అక్కడ వీవ్ అవుతుందని తెలిసి కూడా, అది పెట్టుకున్న మనిషిని మోసగత్తెలా చూడటం మనకు ఎంతమాత్రం తగదు.

మన ఇళ్లలో సవరం ఎప్పుడు లేదు గనుక? పెళ్లికూతురి జడ పొడవు చాలకపోతే సవరం కలిపి, పైన పూలజడ కుట్టి, చివర జడకుచ్చులు వేలాడదీస్తాం. కూచిపూడి వేదిక మీద సత్యభామ జడ ఎంత సొంతమో, ఎంత కలిపిందో ఎవరూ లెక్క అడగరు. సవరం పెట్టుకున్నంత మాత్రాన తెలుగు ఆడవాళ్లకు జుట్టు పెరగదని ప్రపంచం అనుకోలేదు. జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందని మన సామెత. మనకు దొరికిన ఆ స్వేచ్ఛ నల్లజాతి స్త్రీకి ఎందుకు దొరకడం లేదు? ఆమె జుట్టు మీద అనుమానం ఆమె రంగు చూసే మొదలవుతోంది కాబట్టి. మన ఇళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో నల్లవాళ్ల గురించి దొర్లే మాటలు విన్నవారికి, ఈ అనుమానాన్ని మనం అమెరికా వెళ్లి కొత్తగా నేర్చుకోలేదని తెలుసు. హైదరాబాద్‌లో చదువుకుంటున్న ఆఫ్రికా అమ్మాయిల జడల్ని బస్సుల్లో, మెట్రోలో ముట్టుకుని చూసేది మనవాళ్లే.

అమెరికాలో చట్టం కొంత కదిలింది. జుట్టు తీరునూ, అల్లికల్నీ సాకుగా చూపి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదంటూ 2019 జులైలో కాలిఫోర్నియా క్రౌన్ చట్టం తెచ్చింది. ఆ తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఇదే చట్టాన్ని దేశమంతటికీ తేవడానికి 2022 మార్చిలో ప్రతినిధుల సభ 235-189 ఓట్లతో ఆమోదించిన బిల్లు మాత్రం సెనేట్‌ దాటలేదు. దేశమంతటికీ ఒకే చట్టం ఉండాలి. ఒక రాష్ట్రంలో నిశ్చింతగా జడలతో ఉద్యోగం చేసుకునే మహిళ సరిహద్దు దాటి బదిలీ అయితే మళ్లీ టెన్షన్ పడాల్సిన అవసరం ఉండకూడదు. ఓటు హక్కున్న తెలుగు అమెరికన్లు తమ సెనేటర్లను దీని గురించి అడగాలి.

చట్టం ఉద్యోగాన్ని కాపాడుతుంది గానీ, లిఫ్టులో వినిపించే ప్రశ్నను ఆపలేదు. దాన్ని ఆపాల్సింది మనమే. ఇక్కడి ఐటీ కంపెనీలు విదేశీ బృందాలతో పనిచేసే ఉద్యోగులకు ఇచ్చే శిక్షణలో ఈ విషయం చేర్చాలి. వీడియో కాల్‌లో సహోద్యోగి హెయిర్‌స్టయిల్ మారితే ‘బాగుంది’ అనొచ్చు. అది సొంతమా కాదా అని అడగకూడదు. విదేశీ విద్యార్థులు చదివే మన విశ్వవిద్యాలయాలు, వాళ్ల ఒంటి మీద, జుట్టు మీద చేయి వేయడాన్ని వేధింపుగా పరిగణించి ఫిర్యాదు తీసుకోవాలి. ఏటా ఆగస్టు ముందు అమెరికా వెళ్లే పిల్లలకు తెలుగు సంఘాలు బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, అద్దె ఇల్లు గురించి ఎన్నో జాగ్రత్తలు చెబుతుంటాయి. రూమ్మేటో, ప్రొఫెసరో, పక్కింటావిడో నల్లజాతి మహిళ అయినప్పుడు ఆమె జుట్టును ముట్టుకోవద్దని, అది నిజమైనదేనా అని అడగవద్దని కూడా వాళ్లకు విమానం ఎక్కకముందే చెప్పి పంపాలి.