సవరణ: హారంలో రెండు వర్గమూలాలు ఉన్నప్పుడు

హారాన్ని అకరణీయం చేయడంపై (అంటే హారంలో వర్గమూలం లేకుండా చేయడంపై) నిన్న పెట్టిన పోస్టులో 4/(√7+√3) లెక్క తప్పు. పైనా కిందా √7+√3 తోనే గుణించి, హారం 7+3 = 10 అవుతుందని రాశాను. పొరపాటు నాదే.

(√7+√3)² అంటే 10 కాదు, 10+2√21. మధ్య పదాన్ని వదిలేశాను. దాన్ని కలుపుకున్నా లాభం లేదు, వర్గమూలం హారంలోనే ఉండిపోతుంది. ఇక్కడ పైనా కిందా గుణించాల్సింది సంయుగ్మంతో, అంటే మధ్య గుర్తు మార్చిన √7−√3 తో. అప్పుడు మధ్య పదాలు కొట్టుకుపోయి హారం 7−3 = 4 అవుతుంది. లవంలోని 4తో అదీ పోతుంది. జవాబు √7−√3. పాఠ్యపుస్తకాలు చెప్పే పద్ధతి ఇదే.

దశాంశాల్లో చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది: అసలు విలువ సుమారు 0.914, నేను రాసిన జవాబు 4(√7+√3)/10, అంటే సుమారు 1.751. రెట్టింపుకి దగ్గర! పరీక్షలో టైముంటే ఈ చెక్ తప్పకుండా చేసుకోండి.

5/√3 లాగా హారంలో ఒక్క వర్గమూలమే ఉంటే మాత్రం దానితోనే గుణించాలి. ఆ పోస్టులోని అలాంటి లెక్కలు సరైనవే, వాటిని మార్చుకోనక్కర్లేదు.