నెస్సీ సరే, మా చెరువు తూము సంగతి వినండి

రచయిత గారూ, స్కాట్లాండ్‌లోని లాక్ నెస్ సరస్సులో ఉందని చెప్పుకునే రాక్షసి నెస్సీ కథ చదివించేలా రాశారు. కానీ పొడుగు మెడతో ఉన్న ఆ 1934 ఫోటోను ఇంకా సాక్ష్యంలా చూపించడమేంటండీ? బొమ్మ సబ్‌మెరైన్‌కు తల, మెడ అతికించి తీసిందని 1994లోనే బయటపడింది కదా! 2018లో న్యూజిలాండ్ శాస్త్రవేత్త బృందం ఆ సరస్సు నీళ్లలో డీఎన్ఏ వెతికితే సరీసృపాల జాడే లేదు. ఈల్ చేపల డీఎన్ఏ మాత్రం చాలా దొరికింది, అంటే మన మలుగుపాము లాంటివి.

మాది చిత్తూరు దగ్గర పల్లె. చెరువు నిండి మొరవ పారిందంటే చాలు, మా అవ్వ మొదలుపెట్టేది: "తూము కాడికి పోవద్దురా, లోపలుండేది కాళ్లు పట్టి లాగేస్తాది." దానికి పేరు లేదు, రూపం లేదు. అదే మాకు ఇంకా టెన్షన్! పెద్దయ్యాక అర్థమైంది, తూము తెరిచినప్పుడు నీళ్లు పీల్చుకునే ఊపుకి ఈత వచ్చినవాడు కూడా ఆగలేడని. అవ్వ చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదు.

ఇప్పుడు ఆ చెరువులో సగం కంపచెట్లే. మొన్న మా మేనల్లుడికి ఈ కథ చెబితే, "వీడియో ఉందా మామా?" అన్నాడు.