మామయ్య పంచె మీద మందారం

పెడన వెళ్లి కలంకారీ అద్దకం చూసొచ్చిన మనిషి ఊరికే కూర్చోలేడు, నేనూ కూర్చోలేదు. బందరు పక్కనే కదా అని ఒక రోజు వెళ్లొచ్చాం. పేరుకు కలంకారీయే గానీ అక్కడ కలం పట్టేదేమీ లేదు, అంతా టేకు అచ్చులే, కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. బల్ల దగ్గర ఒక పెద్దాయన అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, వెనక నుంచి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే తీగ పక్కన తీగ, పువ్వు పక్కన పువ్వు అతుకు కనపడకుండా పరుచుకుంటూ పోతోంది. ఆయన చేస్తుంటే పులిహోర కలపడం కన్నా తేలిక అనిపించింది. నా కొంప ముంచింది ఆ తేలికే.

పద్ధతి మొత్తం అడిగి తెలుసుకున్నా. గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. కరక్కాయ వగరు రంగును పట్టుకుంటుంది, పాలలోని వెన్న రంగును పక్కలకు పాకనివ్వదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే ఆ నీళ్లు కరక్కాయ తగిలిన చోటల్లా నల్లగా మారతాయి. ఎరుపు కావాలంటే పటిక అద్ది వేర్ల రంగులో ఉడికించాలిట, అంత ఓపిక నాకెక్కడిది, నలుపుతో సరిపెట్టుకుందామనుకున్నా.

విజయవాడ రాగానే అటక మీద ఖాళీగా ఉన్న జాడీ ఒకటి దించి, పాత మేకులు, విరిగిన అట్లకాడ, అరకిలో బెల్లం వేసి బాల్కనీలో పెట్టా. పది రోజులకు అత్తయ్య ముక్కు ఎగబీలుస్తూ వచ్చారు.

"ఏంటమ్మా ఈ పులుపు కంపు?"

"కలంకారీ అత్తయ్యా."

"కలంకారీకి కంపేమిటే!"

ఆదివారం మధ్యాహ్నం ముహూర్తం. అచ్చులు లేవు కాబట్టి ఆకులే అచ్చులు. కుండీలోని మందారం, పార్కు చెట్టు నుంచి తెచ్చిన లేత టేకాకు (చిన్నప్పుడు అరచేతిలో నలిపి ఎర్రగా చేసుకునేవాళ్లం కదా, అదే), పొన్నగంటి కూర రెమ్మలు. ఆకును ఇనప నీళ్లలో ముంచి గుడ్డ మీద నొక్కడం, పువ్వునైతే నేరుగా గుడ్డ మీద పెట్టి రోకలితో కొట్టడం. నాలుగో దెబ్బకు కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చి, ఏం దంచుతున్నావమ్మా, పసుపా అని అడిగారు. పువ్వులు అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా, నా ముఖం ఒకసారి చూసి, దిగిపోయారు.

పెడనలో గుడ్డ కింద మెత్తగా ఉండాలని ఏవో మడతలు పరిచారు. నేనూ మంచం మీద తెల్లగా, నాలుగు మడతలు వేసి ఉన్నదేదో తెచ్చి పరిచా. జరీ అంచు మడత లోపలికి ఉంటే అది నా తప్పా? పైగా గుడ్డ పూర్తిగా ఆరేదాకా ఆగాలన్న మాట బుర్రలో నిలవలేదు.

అద్దుతుంటే మాత్రం, ఏం చెప్పను, నీళ్ల టీ రంగులో ఉన్నది గుడ్డకు తగలగానే ఆకు ఈనెలతో సహా నల్లగా తేలింది. అరిచి అందరినీ పిలిచా. అత్తయ్య కూడా బాగుందన్నారు. ఆరాక కుళాయి కింద పెట్టి జాడించా. ఆకులు పోయాయి. పువ్వులు పోయాయి. ఐదు నిమిషాల్లో గుడ్డ కొన్ననాటి కన్నా తెల్లగా అయింది. ప్యూర్ కాటన్ అని షాపువాడు ప్రమాణం చేసి మరీ ఇచ్చిన ఆ గుడ్డ పాలిస్టర్, దానికి ఆకు రంగులంటే పట్టింపే లేదు.

అసలైన కాటన్ దాని కింద ఉంది. తడి కరక్కాయ నీళ్లు కిందికి దిగాయి, వాటి వెనకే ఇనప నీళ్లు దిగాయి, రోకలి మిగతా పని చూసుకుంది. మడత విప్పితే నాలుగు చోట్ల అదే మందారం, ఊదా రంగులో, పొర పొరకూ పలచబడుతూ. అది మర్నాడు గృహప్రవేశానికని మామయ్య ఇస్త్రీ చేయించి పెట్టుకున్న పంచె. ఎన్నిసార్లు ఉతికినా, అబ్బే, పెడన పెద్దాయన చేతి పనిలా అలాగే ఉంది. నా పది వేళ్లూ కూడా నల్లబడ్డాయి, కరక్కాయ చేతులతో ఇనప నీళ్లు ముట్టుకుంటే ఇంకేమవుతుంది.

మామయ్య పంచె చూశారు, నా చేతులు చూశారు. "ఓటేస్తే ఒక్క వేలికే కదమ్మా సిరా పెడతారు, నువ్వు పది ఓట్లేశావా?" అని మాత్రం అన్నారు.

పాపం, అదే కట్టుకుని వెళ్లారు. అక్కడ ఎవరో అంచు పట్టుకుని చూసి ఎక్కడ కొన్నారండీ, చాలా బాగుంది అన్నారట. ఇంటికొచ్చి ఇంకో రెండు పంచెలు తెచ్చి నా ముందు పెట్టారు, ఈసారి టేకాకు ఎక్కువ వెయ్యమ్మా అంటూ. నేను కాలర్ ఎగరేసుకునే లోపే వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"ఏమ్మా, రేపు ఆవకాయ పెడదామనుకుంటున్నా. మా అమ్మ ఇచ్చిన జాడీ అటక మీద కనపడట్లేదు, నువ్వేమైనా చూశావా?"