మసి ముఖానికి దండాలు చాలు, స్నానానికి నీళ్లివ్వండి

ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక కేంద్రాల్లో అమరులకు నివాళులర్పిస్తారు. 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ పేలినప్పుడు ప్రాణాలు కోల్పోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బందిని తలచుకునే రోజది. తలచుకోవలసిందే. మరి ముప్ఫై ఏళ్లు పొగలో పనిచేసి, పదవీ విరమణ పొందాక క్యాన్సర్‌తో ఆసుపత్రి మంచం మీద కన్నుమూసినవాళ్ల మాటేమిటి? వాళ్లు కూడా ఆ ఉద్యోగం వల్లే పోయారని ఒప్పుకోవడానికి మనకు ఇంకా నోరు రావడం లేదు.

ఇది నా ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. పొగాకు పొగ, సిమెంటు రేకుల్లో కలిపే ఆస్‌బెస్టాస్ ఉన్నది ఆ వర్గంలోనే. ఆ వర్గం ముప్పు ఎంత పెద్దదో చెప్పదు, రుజువు ఎంత గట్టిదో చెబుతుంది. మూత్రాశయ క్యాన్సర్‌కు, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మెసోథీలియోమాకు రుజువు సరిపోయిందని ఆ సంస్థ తేల్చింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో, ఫిలడెల్ఫియా నగరాల అగ్నిమాపక సిబ్బంది సుమారు 30 వేల మందిని పరిశీలిస్తే, సాధారణ జనంతో పోల్చినప్పుడు క్యాన్సర్ మరణాలు 14 శాతం ఎక్కువగా, మెసోథీలియోమా దాదాపు రెండింతలుగా కనిపించాయి.

మా బాబాయి లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మూత్రంలో రక్తం పడుతోందని ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు మొదట అడిగింది, "సిగరెట్ తాగుతారా?" అని. ఆయనకు ఆ అలవాటే లేదు. పరీక్షలు జరిగాయి, ఆపరేషన్ జరిగింది, ఫైలు లావెక్కింది. ఆ ఫైలులో ఎక్కడా ఆయన చేసిన ఉద్యోగం ఏమిటో రాసి లేదు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

అసలు ఈ విషం ఒంట్లోకి ఎలా చేరుతుందో చూడండి. ఇప్పుడు కాలేది కట్టె, గడ్డి మాత్రమే కాదు. ఫోము పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, వైర్లు, సింథటిక్ బట్టలు. 2023 జనవరిలో సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులో దక్కన్ మాల్ భవనం గంటల తరబడి తగలబడిన దృశ్యాలు మీరూ టీవీలో చూసే ఉంటారు. అలాంటి పొగలో బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి క్యాన్సర్ కారక రసాయనాలు ఉంటాయి. పాత ఇళ్ల, గోదాముల సిమెంటు రేకులు పగిలితే ఆస్‌బెస్టాస్ సన్నని పోగులు గాలిలో కలుస్తాయి. ముఖానికి బీఏ సెట్టు (వీపున మోసే గాలి సిలిండరుకు కలిపిన మాస్కు) తగిలించుకుంటే ఊపిరితిత్తులు కాస్త గట్టెక్కుతాయి, కానీ మసి చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. మెడ దగ్గర, గజ్జల్లో చర్మం పలుచన, పైగా ఒళ్లంతా వేడి, చెమట. లోపలికి చేరిన రసాయనాలను మూత్రపిండాలు వడకట్టి మూత్రాశయంలోకి పంపుతాయి. దెబ్బ అక్కడ ఎందుకు పడుతుందో ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు.

మంట ఆరిపోయాక ఉండే గంట మరీ ప్రమాదకరం. మంట లేదు కదా అని మాస్కు తీసేసి, శిథిలాలను తిరగేస్తూ నిప్పురవ్వల కోసం వెతుకుతారు. పొగలు కక్కేది అప్పుడే. తర్వాత అదే యూనిఫాంతో బండెక్కి, అదే యూనిఫాంతో ఇంటికి వెళ్లి, పిల్లల బట్టలతో కలిపి ఉతికిస్తే ఆ మసి ఇంటిల్లిపాదికీ చేరుతుంది. మసి పట్టిన హెల్మెట్టు అనుభవానికి గుర్తు అన్న పాత గర్వం ఇంకా పోలేదు. పత్రికల్లో మసి ముఖం ఫొటో వేసి "రియల్ హీరో" అని రాసేవాళ్లను చేతులెత్తి వేడుకుంటున్నాను, ఆ ముఖం కడుక్కోవడానికి స్టేషన్లో వేడినీళ్లు ఉన్నాయో లేదో కూడా ఒకసారి రాయండి.

చేయవలసినవి చంద్రుడి మీదికి వెళ్లేంత పనులేమీ కావు. ఒక్కొక్కరికీ రెండు జతల రక్షణ దుస్తులు, స్టేషన్లోనే వాషింగ్ మెషీన్, ఘటనా స్థలంలోనే మెడా చేతులూ తుడుచుకోవడానికి తడి గుడ్డలు, తిరిగి రాగానే స్నానం. షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఉంచితే డీజిల్ పొగ సిబ్బంది పడుకునే గదిలోకి పోకుండా ఏర్పాటు. డీజిల్ పొగ కూడా 2012 నుంచి మొదటి వర్గంలోనే ఉంది.

వీటన్నిటికంటే ముందు మారవలసింది చట్టం. కెనడాలోని మానిటోబా రాష్ట్రం 2002లోనే ఒక చట్టం చేసింది. నిర్ణీత కాలం పనిచేసిన అగ్నిమాపక ఉద్యోగికి ఫలానా క్యాన్సర్లు వస్తే, వాటిని వృత్తి వల్ల వచ్చినవిగానే భావించాలి. కాదని నిరూపించే భారం ఎదుటివాళ్లది. ఆస్ట్రేలియా 2011లో అదే దారి పట్టింది. ఏ అగ్నిప్రమాదంలో, ఏ తేదీన ఆ విషం పీల్చారో చూపించమని ఇరవై ఏళ్ల తర్వాత ఒక వితంతువును అడగడం అన్యాయం. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఇలాంటి నిబంధన తేవాలి. పదవీ విరమణ తర్వాత కూడా ఏటా ఉచిత పరీక్షలు జరిపించాలి, ఎవరికి ఏ జబ్బు వచ్చిందో నమోదు చేయాలి. మెసోథీలియోమా బయటపడటానికి ఇరవై నుంచి యాభై ఏళ్లు పడుతుంది. సర్వీసుతోపాటే లెక్క ఆపేస్తే అది ఎన్నటికీ కనబడదు.

మీ ఇంట్లో, మీ వీధిలో పాత ఫైర్‌మన్ ఎవరైనా ఉంటే ఈ పోస్టు చదివి వినిపించండి. నొప్పి లేకుండా ఒక్కసారి మూత్రంలో రక్తం కనిపించినా, మరునాడు మామూలుగా ఉన్నా సరే, వెంటనే మూత్ర సంబంధ వ్యాధుల డాక్టరు (యూరాలజిస్టు) దగ్గరికి వెళ్లమనండి. డాక్టరు అడగకపోయినా ఉద్యోగం ఏమిటో, ఎన్నేళ్లు చేశారో చెప్పి, ఆ మాట కేసు షీట్లో రాయించమనండి.