సింకు మూలన పెట్టి సిమ్‌ను తిడితే ఎట్లా?

మా మేనకోడలు నయీంనగర్‌లో ఇంటర్ చదువుతోంది. మొన్న ఆదివారం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒకటే గొణుగుడు. ‘ద సిమ్స్ 4’ అని, ఇల్లు కట్టి అందులో బొమ్మ మనుషుల్ని (వాళ్లనే సిమ్‌లంటారు) కాపురం చేయించే కంప్యూటర్ ఆట. అందులో తను కట్టిన ఇంట్లో ఒకాయన, తిన్న ప్లేటు పట్టుకుని నేరుగా బాత్రూంలోకి పోయి, మొహం కడుక్కునే బేసిన్‌లో తోముతున్నాడు. "వీనికి బుద్ధి లేదు మామా, ఆటోనమీ తీసేస్తా" అంది. ఆటోనమీ అంటే, మనం చెప్పకుండానే సిమ్‌లు తమంతట తాము పనులు చేసుకునే స్వేచ్ఛ.

ఈ ఆట ఆడేవాళ్లకు ఇది పాత గొడవే. సెట్టింగ్స్‌లో ఆటోనమీ మొత్తం ఆపేయొచ్చు, మనం నడిపిస్తున్న ఒక్కరికే ఆపొచ్చు కూడా. చాలామంది ముందు ఆ మీట మీదికే పోతారు. నన్నడిగితే అది రోగం ఒకటైతే మందు ఇంకొకటి.

2000లో ఈ ఆట రూపకర్త విల్ రైట్ బృందం తొలి ‘సిమ్స్’ తెచ్చినప్పుడు ఒక గమ్మత్తు చేసింది. తెలివిని మనిషిలో కాకుండా వస్తువులో పెట్టింది. ఫ్రిజ్ ఉన్నచోటే ఉండి "నా దగ్గరికొస్తే ఆకలి తీరుతుంది" అని డప్పు చాటింపు వేస్తుంటుంది. మంచం నిద్ర పేరిట, టీవీ కాలక్షేపం పేరిట చాటింపు వేస్తుంటాయి. సిమ్‌కు ఏ అవసరం ముదిరితే ఆ డప్పు గట్టిగా వినబడుతుంది. దూరం పెరిగితే మోత తగ్గుతుంది. అన్నీ విని, ముందు వరుసలో ఉన్నవాటిలో ఒకదాని వైపు నడుస్తాడు. ప్రతిసారీ మేలైనదే ఎంచుకుంటే ఆడేవాళ్లకు పనే ఉండదని కాస్త లాటరీ కూడా కలిపారు. తర్వాతి ఆటల్లో కోరికలు, భావోద్వేగాలు వచ్చి చేరాయి కానీ మూలం మారలేదు. సిమ్ చేసే పనిలో సగం అతని బుద్ధి అయితే, మిగతా సగం మీరు సామాన్లు సర్దిన తీరు.

మేనకోడలి ఇంటి ప్లాన్ చూశాను. డైనింగ్ టేబుల్ నుంచి వంటింట్లోకి పోవాలంటే హాలంతా చుట్టి రావాలి. బాత్రూం తలుపు మాత్రం నాలుగడుగులు. ఆ పెద్దమనిషి తప్పేముంది?

నా కథ నేను రాసుకుంటా, మధ్యలో సిమ్‌ల పెత్తనమేంటి అనేవాళ్లున్నారు. పదితరాల వంశాన్ని ఓపిగ్గా నడిపిస్తుంటే, పక్కకు చూసి వచ్చేసరికి భర్తగారు పక్కింటావిడతో సరసాలాడుతుంటే మండుతుంది, నిజమే.

కానీ ఆటోనమీ ఆపేశాక ఏమవుతుందో చూడండి. సిమ్స్ 4లో ఒక ఇంట్లో ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. ఎనిమిది మందీ స్తంభాల్లా నిలబడతారు. టాయిలెట్ పక్కనే ఉన్నా చెప్పేదాకా కదలరు. ఒకడికి అన్నం పెట్టేలోపు ఇంకొకడు నిలబడ్డచోటే తడిపేసుకుంటాడు. కథ రాద్దామని కూర్చున్న మనిషికి హాస్టల్ వార్డెన్ ఉద్యోగం వచ్చినట్టు. 2025 మార్చిలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తిగా తయారవకముందే, వచ్చిన క్రాఫ్టన్ కంపెనీ వారి ఇలాంటి ఆటే ‘ఇన్‌జోయ్’ ఇంకో దారి పట్టి, చాట్‌జీపీటీ తరహా భాషా మోడల్‌తో పాత్రల బుర్రే పెంచుతానంటోంది. పెంచనీ. సింకు మాత్రం మూలనే ఉందిగా.

ఇక నా పాత పాట ఎత్తుకుంటున్నా, తెలిసినవాళ్లు నవ్వుకోండి. మన ఊళ్లో ఏ గోడ చూసినా "ఇచ్చట మూత్రము పోయరాదు". కొన్నిచోట్ల దేవుళ్ల టైల్స్ కూడా అతికిస్తారు. అది ఆటోనమీ ఆపే మీట కాక మరేంటి? అదే గోడ పక్కన కడిగిన టాయిలెట్ ఒకటి ఉంటే ఏ దేవుడూ కాపలా కాయక్కర్లేదు. డివైడర్‌లో సందు అర కిలోమీటరు అవతల పెడితే జనం దూకుతారు. దూకినవాళ్లను చూసి "మనోళ్లకు సివిక్ సెన్స్ లేదు" అని కారు అద్దం ఎత్తుకుంటాం. హన్మకొండ చౌరస్తాలో టీ తాగి పేపర్ కప్పు పట్టుకుని నడిచిచూడండి. డబ్బా కనబడకపోతే నాలుగడుగులు ఓపిక పడతాం, ఐదో అడుగులో చెయ్యి దానంతటదే వదిలేస్తుంది. నేనూ వదిలాను.

2016లో వరంగల్ స్మార్ట్ సిటీల జాబితాలోకి ఎక్కింది. ఆ మాట వినబడ్డప్పుడల్లా కెమెరాలు, జరిమానాలు, కంట్రోల్ రూంలే మన కళ్లముందు మెదులుతాయి. నీడ, బెంచీ, చెత్తడబ్బా ఎవరికీ గుర్తురావు. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో పాకాల చెరువు కట్టినవాళ్లు ఎవరినీ వ్యవసాయం చేయమని బతిమాలి ఉండరు. నీళ్లు నిలబెట్టారు. పొలాలు వాటంతటవే కిందికి వచ్చి చేరాయి.

మేనకోడలు చివరికి మీట ముట్టుకోలేదు. టేబుల్ పక్కనే గోడ పగలగొట్టి కొత్త సింకు పెట్టింది. ఇప్పుడు ఇంట్లో ఇద్దరు అక్కడే తోముతున్నారు. ఆ మొదటాయన మాత్రం అప్పుడప్పుడూ ప్లేటు పట్టుకుని బాత్రూం వైపే పోతున్నాడట.